కూర్చుని చేసే పని

లోకంలో ప్రతి పనికీ ఒక కాగితం ఉంటుందని చాలామందికి తెలియదు. ఆ పని చేసే మనిషి ఎన్ని కిలోలు ఎత్తాలి, రోజుకు ఎన్నిసార్లు వంగాలి, ఎంతసేపు నిలబడాలి, ఎన్ని మెట్లెక్కాలి, అన్నీ అందులో ఉంటాయి. అది చూసే డాక్టరు ఫలానా మనిషి ఫలానా పనికి పనికొస్తాడో లేదో చెబుతాడు. ఆ కాగితాలు రాసే ఉద్యోగం ఈ కథలోని మనిషిది. నగర సంస్థలో చెత్త బండి తోలేవాడి దగ్గర్నుంచి దీపస్తంభాలెక్కేవాడి దాకా అందరూ ఆయన్ని టేపాయన అనేవారు. ఎప్పుడు చూసినా చేతిలో టేపు, జేబులో స్టాప్‌వాచ్, భుజాన సంచిలో వేలాడదీసి తూచే స్ప్రింగు కాటా. దూరాన కనిపిస్తే చాలు, "వస్తున్నాడ్రోయ్, మన ఊపిరి కూడా కొలుస్తాడు" అని నవ్వుకునేవారు.

నవ్వుకున్నా ఆయనంటే గౌరవం ఉండేది. ఎవరు ఏ బరువు ఎత్తినా అది తానూ ఒకసారి ఎత్తి చూడందే ఆయన అంకె వేసేవాడు కాదు. ఒకసారి సున్నం గోదాములో మేస్త్రీ, ఈయన వస్తున్నాడని ముందే తెలుసుకుని, సగం ఖాళీ చేసిన బస్తాలు ముందు వరసలో పేర్పించాడు. పని తేలికని రాస్తే మనుషుల్ని తగ్గించుకోవచ్చని ఆశ. టేపాయన ముందు వరసలో ఒక బస్తా ఎత్తి దించాడు. నింపాదిగా వెనక వరసకు వెళ్ళి అక్కడో బస్తా ఎత్తి చూశాడు. "ముందరి వాటికి పాపం జబ్బు చేసినట్టుంది, చిక్కిపోయాయి" అన్నాడు. మేస్త్రీకి ఏ కలుగులో దూరాలో తెలియలేదు. కాగితం మీద 'చాలా బరువు' అని పడింది, మనుషులు తగ్గలేదు.

ఈ విద్య ఆయనకు చదువుతో రాలేదు. పదిహేడో ఏట నుంచి పదేళ్ళపాటు అదే సంస్థ సామాన్ల గోదాములో లారీల మీద బస్తాలూ డ్రమ్ములూ ఎక్కించి దించినవాడు. ఆ పనిలో పెట్టింది బావ, అంటే అక్క మొగుడు. అక్క పెళ్ళినాటికి తమ్ముడికి పదేళ్ళు. ఆ తర్వాత ఏడాది తేడాలో అమ్మా నాన్నా పోతే, అక్కాబావలే తెచ్చుకుని పెంచారు. బావ తిండి పెట్టాడు, తిట్టాడు, చదివించాలని చూశాడు, వాడు చదవనంటే తన పక్కనే పనిలో పెట్టుకుని బరువెలా ఎత్తాలో నేర్పాడు. "నడుముతో ఎత్తకురా, మోకాళ్ళతో ఎత్తు. నడుము నీది కాదు, ముసలితనంలో నువ్వుండబోయే ఇల్లది" అనేవాడు. గోదాములో అందరూ ఆయన్ని జాకీ అని పిలిచేవారు. ఎంత లారీనైనా లేపుతాడని ఆ పేరు.

తమ్ముడికి ఇరవై ఏడేళ్ళప్పుడు ఒక ఇనప డ్రమ్ము దొర్లి కాలి మీద పడింది. బండి కోసం ఎదురు చూడకుండా బావ అతన్ని భుజాన వేసుకుని ఆస్పత్రి దాకా పరిగెత్తాడు. రెండు వేళ్ళు పోయాయి గానీ పాదం దక్కింది. ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టి, పరీక్షలు రాయించి, సంస్థ వాళ్ళ చుట్టూ తిరిగి, పని భద్రతా విభాగంలో ఈ టేపు ఉద్యోగం వచ్చేదాకా నిద్రపోలేదు. అంచేత టేపాయనకు దేవుడంటే బావే. పెళ్ళి చేసుకుని వేరే కాపురం పెట్టినా, ప్రతి ఆదివారం పొద్దున్న అక్కావాళ్ళింట్లో టీ తాగితేనే ఆయనకు వారం మొదలైనట్టు.

ఆ కాగితంలో రెండు భాగాలుంటాయి. పై భాగం ఒంటికి సంబంధించింది. కింది భాగం మనసుకు సంబంధించింది: ఎంత శ్రద్ధ కావాలి, ఎంత తొందర, ఎవరితో మాట్లాడాలి, ఎలాంటి మాటలు వినాలి, తప్పు జరిగితే ఏమవుతుంది. పై భాగానికి ఆయన మూడు రోజులు తిరిగేవాడు. కింది భాగం మెట్లు దిగుతూ నింపేవాడు. ప్రతి గడిలోనూ 'సాధారణం'. ఏమిటయ్యా ఇది అని పైవాళ్ళెవరూ అడగలేదు, ఎందుకంటే వాళ్ళూ అంతే. మనసు సంగతి ఎవరి ఇంటి సంగతి వాళ్ళదని ఆయన అభిప్రాయం. ఒక్క గ్రాము తేడా వస్తే ఒప్పుకోని మనిషి, సగం కాగితం గాలికొదిలేశానని మూడు వందల కాగితాలు రాసేదాకా అనుకోనేలేదంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

బావకు యాభై మూడో ఏట నడుము పోయింది. మోకాళ్ళతోనే ఎత్తాడు, అయినా పోయింది. ముప్పై ఏళ్ళు ఎత్తితే మోకాళ్ళు మాత్రం ఎంతకని కాపాడతాయి? అయిదు కిలోలకు మించి ముట్టుకోకూడదని డాక్టరు రాసిచ్చాడు. రిటైరు కావడానికి ఇంకా ఏడేళ్ళుంది. సంస్థలో ఒక పద్ధతి ఉంది. దెబ్బతిన్న మనిషికి, కాగితం మీద 'తేలిక' అని రాసి ఉన్న పనుల్లో ఏది ఖాళీగా ఉంటే అది ఇస్తారు. ఖాళీ లేకపోతే ఇంటికి పంపిస్తారు. ఆ జాబితాలో అప్పటికి ఖాళీ ఒక్కటీ లేదు.

అక్క తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది. "ఒరే, ఆయన ఇంట్లో కూర్చునే మనిషి కాదురా. నాలుగు రోజులకే గోడలకేసి చూస్తున్నాడు. నీ చేతిలో ఏదో ఉంటుందంటారు కదా, చూడరా" అంది. ఆమె జీవితంలో తమ్ముణ్ణి ఏదైనా అడగడం అదే మొదటిసారి.

నిజంగానే ఒకటుంది. అంబులెన్సులకు ఫోన్లు వచ్చే గదిలో ఒక కుర్చీ ఖాళీ అయింది. ఆ పనికి ఇంకా కాగితం రాయలేదు. అది తేలిక పని అని తేలితే, వరసలో మొదట ఉన్న పేరు బావదే. ఆలస్యమైతే వేరే విభాగం నుంచి ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు.

టేపాయన మర్నాడు పొద్దున్న పదిన్నరకు ఆ గదికి వెళ్ళాడు. ఆరు కుర్చీలు, ఆరు కంప్యూటర్ తెరలు, ఒక గోడ గడియారం. కుర్చీ ఎత్తు కొలిచాడు. చెయ్యి చాచాల్సిన దూరం నలభై సెంటీమీటర్లు. చెవికి తగిలించుకునే యంత్రం తూచాడు, అరవై గ్రాములు కూడా లేదు. ఆయనున్న నలభై నిమిషాల్లో నాలుగు ఫోన్లు వచ్చాయి. ఒకటి తప్పు నంబరు, ఒకటి ఆస్పత్రికి దారి అడగడం, ఒకటి కాలు బెణికిందని, ఇంకొకటి ఎవరూ మాట్లాడలేదు. గది చూసుకునే సూపర్‌వైజరమ్మ, "ఒక్క షిఫ్టు పూర్తిగా కూర్చోండి సార్, అప్పుడు తెలుస్తుంది" అంది. "మళ్ళీ వస్తానమ్మా" అన్నాడు. వెళ్ళలేదు. ఆఫీసుకొచ్చి, కుళాయిలు రావడం లేదని ఫోన్లందుకునే వాళ్ళ పాత కాగితం తీసి ముందు పెట్టుకున్నాడు. అదీ ఫోనే, ఇదీ ఫోనే. దాని కింది భాగం ఉన్నదున్నట్టు ఎక్కించేశాడు. పైన 'తేలిక. కూర్చుని చేసే పని' అని రాసి సంతకం పెట్టాడు. ఆ సంతకం పెడుతున్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి. బావ రుణం ఇన్నాళ్ళకు కాస్త తీరుతోందనుకున్నాడు.

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉద్యోగానికి వెళ్ళడం అదే మొదలు. "చూశావే, జాకీ ఇప్పుడు టెలిఫోన్ దొర. ఇక నుంచి నన్ను లేపడానికి ఇంకో జాకీ కావాలి" అని అక్కతో హాస్యమాడాడు. అక్క తమ్ముడి చెంపలు నిమిరి, "పుణ్యం కట్టుకున్నావురా" అంది. టేపాయన ఆ వారమంతా నేల మీద నడవలేదు.

నాలుగైదు నెలలు గడిచాయి. ఆదివారం టీ దగ్గర బావ హాస్యాలు తగ్గాయి. నడుము నొప్పేమో అనుకున్నారు. తర్వాత ఆయన తన కుర్చీ తిప్పుకుని గోడ మూలకు వేసుకున్నాడు, మనుషులంతా ఎడమ పక్కన ఉండేలా. ఒకరోజు టేపాయన అలవాటు ప్రకారం వెళ్ళి కుడి పక్కన కూర్చుని ఏదో అడిగాడు. జవాబు రాలేదు. మళ్ళీ అడిగాడు. బావ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఆ చెవి వినపడ్డం లేదురా ఆయనకి. మూడు వారాలైంది. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. చెవికేమీ లేదమ్మా, బంగారంలా ఉంది అన్నాడు. మరి వినపడకపోవడమేంటో" అంది అక్క.

ఫోను పెట్టుకునేది ఆ చెవికే. టేపాయన లేచి ఎడమ పక్కకు వచ్చి కూర్చున్నాడు. "బావా, అక్కడ పని కష్టంగా ఉందా?" అని అడిగాడు.

"ఏముందిరా, కూర్చుని చేసే పనే కదా" అన్నాడు బావ. దెప్పడానికి అన్నది కాదు. ఆ మాట కాగితం మీద ఉందని కూడా ఆయనకు తెలియదు. టేపాయన మాత్రం ఆ టీ పూర్తిగా తాగలేకపోయాడు.

సోమవారం పొద్దున్న ఆరింటికి ఆయన ఆ గదికి వెళ్ళాడు. సూపర్‌వైజరమ్మ మొహంలో 'ఇప్పుడా' అన్న ప్రశ్న కనిపించింది గానీ పైకి అనలేదు. బావ ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు. వేరే ఆమె పక్కన స్టూలు వేసుకుని, వినడానికి రెండో యంత్రం చెవికి పెట్టుకుని రెండింటి దాకా కూర్చున్నాడు. ఎనభై ఏడు ఫోన్లు. కొన్ని తప్పు నంబర్లే. కానీ ఏడు గంటలప్పుడు ఒకాయన, స్నానాల గదిలో పడిపోయిన తల్లి పక్కన నిలబడి చిరునామా గుర్తు రాక ఏడ్చాడు. తొమ్మిదింటికి రోడ్డు మీద బండ్లు గుద్దుకున్న చోటు నుంచి ఫోన్ చేసినవాడు తాను చూస్తున్నదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒక ముసలామె, భర్త నోట్లోంచి వస్తున్న చప్పుడు వినమని ఫోను ఆయన నోటి దగ్గర పెట్టింది. ఆ చప్పుడు టేపాయన చెవిలో కూడా పడింది. పక్కనున్నామె ఒక్క రవ్వ తొణక్కుండా, "అలాగే పక్కకి తిప్పండమ్మా, నేనున్నాను" అంటోంది. బండివాళ్ళు తలుపు తట్టగానే ఫోను కట్. వెంటనే ఇంకో ఫోను మోగింది. ఆ ముసలాయన ఏమయ్యాడు? "మనకి తెలీదు సార్. తిరిగి ఫోన్ చెయ్యకూడదు, రూలు. చేస్తే ఇంకోళ్ళ ఫోను తప్పిపోతుంది కదా" అందామె, తర్వాతి ఫోను అందుకుంటూ.

షిఫ్టు అయ్యాక మెట్లు దిగుతూ ఆ రోజు ఆయన కింది భాగంలో ఒక్క గడీ నింపలేకపోయాడు.

మూడు రోజులు అదే గదిలో కూర్చుని కొత్త కాగితం రాశాడు. కింది భాగం పై భాగం కంటే పెద్దదైంది. పద్ధతి ప్రకారం, ఆ పని చేస్తున్నవాళ్ళలో ఒకరు చదివి సంతకం చెయ్యాలి. ఎవరి చేతనైనా చేయించవచ్చు. ఆయన బావ దగ్గరికే తీసుకెళ్ళాడు. ఇంకొకరి సంతకం తీసుకుని బావకు కబురు పంపించడానికి ఆయనకు మొహం చెల్లలేదు.

బావ కళ్ళజోడు పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా పట్టుకుని చదివాడు. చాలాసేపు పట్టింది. చివర 'చాలా బరువు' అన్న చోట వేలు ఆగింది.

"ఇది ఒప్పుకుంటే నా కుర్చీ పోతుంది కదరా."

"పోతుంది బావా."

"వేరే ఏదైనా ఉందా జాబితాలో?"

"లేదు."

బావ తలాడించాడు. ఇంకా ఏదో వెతుకుతున్నట్టు కాగితం మళ్ళీ పైనుంచి చూశాడు. "అన్నీ రాశావు, ఒకటి వదిలేశావు. ఫోను పెట్టేశాక వాళ్ళేమయ్యారో మనకి తెలీదు. అది కూడా రాయి. మిగతావన్నీ ఎలాగో మోయొచ్చురా, దాన్ని ఎక్కడ దించాలో తెలీదు" అన్నాడు. టేపాయన ఆ మాటలు అలాగే రాశాడు. బావ సంతకం చేసి కలం మూత పెట్టి ఇచ్చాడు. ఏడేళ్ళ ఉద్యోగం ఆ సంతకంతో పోయింది.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేవబోతుంటే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. "నువ్వు ఆ గదిలో పాత ఫోన్లు వినొచ్చంట కదా. సూపర్‌వైజరమ్మ చెప్పింది. నాకో పని చేసి పెట్టు. రెండు నెలల క్రితం ఒక పాప ఫోన్ చేసింది. ఎనిమిదేళ్ళుంటాయేమో. వాళ్ళమ్మ లేవడం లేదని. పదకొండు నిమిషాలు పట్టింది బండి వెళ్ళడానికి. వాళ్ళమ్మ ఏమైందో కనుక్కో" అన్నాడు. అంతసేపూ ఆయన కుడి చెవి మీద చెయ్యి ఉంది.

టేపాయన ఆ పదకొండు నిమిషాలూ విన్నాడు. బావ గొంతు గోదాములో కేకలేసే గొంతులా లేదు. అంత మెత్తగా ఆయన మాట్లాడడం తమ్ముడు ఒక్కసారే విన్నాడు, ఆస్పత్రిలో వేళ్ళు తీసేసిన రోజు. "భయపడకు తల్లీ, తలుపు గడియ తీశావా? మంచి పిల్లవి. ఇప్పుడు అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకో. వదలకు" అన్నాడు. ఆ పిల్ల, "అమ్మ చెయ్యి చల్లగా ఉంది తాతయ్యా" అంది. "నీ చేత్తో రుద్దు తల్లీ, వెచ్చబడుతుంది" అన్నాడు బావ. "మీరు పెట్టెయ్యరు కదా?" "పెట్టను." ఆఖర్న ఎవరో తలుపు తోసుకుని వచ్చిన చప్పుడు, పెద్దవాళ్ళ మాటలు, పిల్ల ఎవరితోనో, "ఉండండి, తాతయ్య లైన్లో ఉన్నాడు" అనడం. అక్కడ ఫోను కట్ అయింది.

ఆస్పత్రి రికార్డుల గదిలో సంగతి తెలిసింది. ఆ తల్లి ఆ పిల్ల ఫోన్ చెయ్యకముందే, తెల్లవారుజామునే పోయింది. పిల్లను పిన్ని వచ్చి తీసుకెళ్ళింది.

ఆదివారం దాకా ఆ నిజాన్ని మోసుకు తిరిగాడు టేపాయన. అబద్ధం సిద్ధం చేసుకోవడం ఎంతసేపు? 'బతికింది బావా, పిల్ల బడికెళ్తోంది' అంటే చాలు. బావ మొహంలోకి కాస్త వెలుగు వస్తుంది. అక్క సంతోషిస్తుంది. దారి పొడుగునా ఆ మాటే నోట్లో నానబెట్టుకున్నాడు. వెళ్ళి ఎడమ పక్కన కూర్చున్నాడు. బావ ఆయన కళ్ళలోకి చూశాడు. పదేళ్ళ వయసు నుంచి ఆ కళ్ళు చూస్తూ పెరిగినవాడికి ఆ మాట నోట్లోంచి రాలేదు. ఉన్నదంతా చెప్పేశాడు. తల్లి అప్పటికే పోయిందని, పిల్ల పిన్ని దగ్గరుందని, ఆఖర్న ఆ పిల్ల ఏమందో కూడా.

బావ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఆ పిల్ల పదకొండు నిమిషాలు పోయిన చెయ్యి పట్టుకుని కూర్చుందన్నమాట. పట్టుకోమంది నేనే" అన్నాడు.

"నీకెలా తెలుస్తుంది బావా. నువ్వు లైన్లో ఉన్నావని వచ్చినవాళ్ళకి కూడా చెప్పింది ఆ పిల్ల. ఒంటరిగా లేదు కదా."

బావ కళ్ళు తుడుచుకున్నాడు. తుడిచిన కొద్దీ వస్తున్నాయి. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో ఆయన ఏడవడం అక్క చూడలేదు. వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. కాసేపటికి బావ బావమరిది మోకాలి మీద చెయ్యి వేసి, "బతికిందని చెప్పొచ్చు కదరా. నమ్మేవాణ్ణి. ఈ ఒక్కదానికి అబద్ధమాడితే నిన్నెవరు అడుగుతారు?" అన్నాడు.

"ఒకసారి ఆడాను బావా" అన్నాడు టేపాయన. "ఆ గదిలో నలభై నిమిషాలు కూర్చుని, కుళాయిల వాళ్ళ కాగితం చూసి ఎక్కించి, నీ కుర్చీ తేలికని రాసింది నేనే."

బావ ఆయన మోకాలి మీద నుంచి చెయ్యి తియ్యలేదు. అలాగని నొక్కనూ లేదు. గుమ్మంలో నిలబడ్డ అక్క తమ్ముడి వైపు ఒక్కసారి చూసి, లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.